మతి చెదిరినవాడు తప్పించుకోవడం లేదు

ఎక్కడైనా ఒక దారుణం జరిగి, నిందితుడికి మానసిక జబ్బు ఉందన్న సంగతి బయటికి రాగానే మన నోట వచ్చే మాట ఒకటుంది: "ఇంకేముంది, పిచ్చివాడినని సర్టిఫికెట్ తెచ్చుకుని దర్జాగా బయటికొచ్చేస్తాడు." టీవీ చర్చల్లో, టీ కొట్ల దగ్గర, కోర్టు వరండాల్లో, చదువుకున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అంతటా ఇదే వినిపిస్తుంది. దీని వెనకే మరో రెండు వస్తాయి. అలాంటివాళ్ళు ప్రమాదకరం కాబట్టి లోపల ఉంటేనే అందరికీ క్షేమమని ఒకటి. జైళ్ళకు సోషల్ వర్కర్లు దేనికి, ఆ డబ్బేదో బాధితులకిస్తే పుణ్యమైనా దక్కుతుందని రెండోది. ఈ మూడూ కలిసి లోకజ్ఞానంగా చలామణీ అవుతున్నాయి. అందుకే వాటిని ఎవరూ నిలదీయరు.

నేను నిలదీయదలచుకున్నాను. ఈ అభిప్రాయం దయలేనిది కావడం తర్వాతి సంగతి, ముందు అది అబద్ధం. మన న్యాయవ్యవస్థలో మానసిక జబ్బు ఉన్న మనిషి తొందరగా బయటపడడు. అందరికంటే ఆలస్యంగా బయటపడతాడు. కొందరు బయటపడనే పడరు. అతన్ని చట్టప్రకారం బయటికి తీసుకురావడానికి, వచ్చాక మళ్ళీ ఏ అఘాయిత్యమూ జరగకుండా చూడటానికి కావలసిన మనిషి సోషల్ వర్కర్. ఆ కుర్చీనే మనం ఖాళీగా ఉంచాం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్, పాత శిక్షాస్మృతిలో 84. ఆ పని చేసే సమయంలో మనసు స్థిమితంగా లేక, తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో గ్రహించే శక్తి లేనివాడు చేసినది నేరం కాదని ఆ సెక్షన్ చెబుతుంది. జబ్బు ఉంటే చాలదు. పదేళ్ళుగా స్కిజోఫ్రెనియాకు మందులు వాడుతున్నట్టు చీటీల కట్ట చూపించినా చాలదు. సరిగ్గా ఆ ఘడియలో గ్రహింపు లేదని చూపించాలి, చూపించే భారం నిందితుడిదే. 1964 నాటి దహ్యాభాయ్ ఠక్కర్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది అదే. డాక్టరు గుర్తించే జబ్బు వేరు, చట్టం మన్నించే స్థితి వేరు అని 2011లో సురేంద్ర మిశ్రా కేసులోనూ తేల్చి చెప్పింది. ఈ గడప ఎంత ఎత్తో తెలిసిన ఏ లాయరూ దీన్ని తేలికైన దారి అనడు.

సరే, అంత ఎత్తూ దాటి కేసు నెగ్గాడనే అనుకుందాం. ఇంటికి వెళ్ళిపోతాడా? భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 374వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా తేలినవాడిని కూడా సురక్షిత నిర్బంధంలో ఉంచమని కోర్టు ఆదేశిస్తుంది, లేదా పూచీ ఇచ్చే బంధువుకో స్నేహితుడికో అప్పగిస్తుంది. ఆ పూచీ ఇచ్చేవాడు లేకపోతే, విడుదల చేయవచ్చని అధికారులు ధ్రువీకరించి ప్రభుత్వం ఆదేశం ఇచ్చేదాకా అక్కడే ఉండాలి. దొంగతనం చేసి శిక్షపడినవాడికి విడుదల తేదీ ఉంటుంది. ఇతనికి అది కూడా ఉండదు.

మరణశిక్ష విషయంలోనూ అంతే. 2019 ఏప్రిల్‌లో 'అక్యూజ్డ్ ఎక్స్' కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, శిక్ష పడ్డాక తీవ్రమైన మానసిక జబ్బు వస్తే ఉరి తప్పించడానికి దాన్ని ఒక కారణంగా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. "చూశారా, తప్పించుకున్నాడు" అన్నారు కొందరు. ఆ మనిషి బతికున్నన్నాళ్ళూ జైల్లోనే ఉండాలని, అక్కడ అతనికి వైద్యం అందించాలని అదే తీర్పులో ఉంది. ఇందులో తప్పించుకున్నది ఉరికొయ్యను మాత్రమే.

నాటకమాడేవారు ఒక్కరూ ఉండరని నేననడం లేదు. ఉంటారు. అయితే ఆ నాటకం ఎలా బయటపడుతుందో ఆలోచించండి. ఆసుపత్రిలో ఉంచి నిద్రెలా పోతున్నాడు, ఎలా తింటున్నాడు, ఎవరూ లేనప్పుడు ఎలా ఉంటున్నాడు అని రోజుల తరబడి గమనిస్తారు. అంతకంటే గట్టి సాక్ష్యం ఊళ్ళో ఉంటుంది. నిజమైన జబ్బు నేరం జరిగిన రోజున పుట్టదు. పనికి వెళ్ళడం ఎప్పుడు మానేశాడు, ఇంట్లోవాళ్ళు విషం పెడుతున్నారని అన్నం ముట్టనిది ఏ ఏడాది, ఏ దర్గాకు తీసుకెళ్ళారు, ఏ గుడి మంటపంలో నిద్రచేయించారు, ఏ ఆర్‌ఎంపీ ఏ సూది వేశాడు, పట్నంలో ఏ డాక్టరు చీటీ రాశాడు, డబ్బుల్లేక మందులు ఎప్పుడు ఆగిపోయాయి. ఇవన్నీ ఊరికి వెళ్ళి, నలుగురిని కూర్చోబెట్టి అడిగి రాసుకురావాల్సిన సంగతులు. ఆ పని నేర్చుకున్న మనిషి సోషల్ వర్కర్. నిజాన్ని నిలబెట్టేవీ, నటనను బట్టబయలు చేసేవీ ఆ కాగితాలే. నాటకాలంటే అంత భయం ఉన్నవారు అందరికంటే ముందుగా కోరుకోవాల్సింది సోషల్ వర్కర్‌నే.

ఇక మతిస్థిమితం పేరు చెప్పి మోసం చేసింది ఎవరో మన కోర్టుల చరిత్ర చెబుతుంది. అస్సాంలోని సిల్సాంగ్ అనే ఊరికి చెందిన మచల్ లాలుంగ్‌ను 1951లో ఒకరిని గాయపరిచాడన్న కేసులో అరెస్టు చేశారు. అప్పటికి అతని వయసు 23. మానసిక స్థితి బాగాలేదని తేజ్‌పూర్ ఆసుపత్రికి పంపారు. కోలుకున్నాడని ఆసుపత్రి 1967లో చెప్పింది. అప్పుడతన్ని ఇంటికి పంపలేదు, కోర్టుకూ పంపలేదు. గువాహటి జైలుకు పంపారు. బయటికొచ్చింది 2005లో, రూపాయి పూచీకత్తు మీద. విచారణ జరగకుండానే 54 ఏళ్ళు గడిచిపోయాయి. ఆ తర్వాత సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వమంది, నెలనెలా భృతి ఇవ్వమంది. 23 ఏళ్ళప్పుడు పోయిన జీవితాన్ని ఏ పరిహారం తిరిగిస్తుంది?

బిహార్‌లో రుదుల్ సా. 1968 జూన్‌లో సెషన్స్ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. జైలు వదల్లేదు. విడుదలైంది 1982 అక్టోబరులో. ఎందుకు ఉంచారని సుప్రీంకోర్టు అడిగితే, అతనికి మతి సరిగా లేదని ప్రభుత్వం జవాబు చెప్పింది. మామూలుగానే ఉన్నాడని 1977లోనే వైద్యాధికారి నివేదిక ఇచ్చాడు. ఆ నివేదిక తర్వాత కూడా ఐదేళ్ళు లోపలే ఉంచారు. పిచ్చి అన్న మాటను ఇక్కడ అడ్డం పెట్టుకున్నది నిందితుడు కాదు, సర్కారు. అప్పట్లో అదే రాష్ట్రంలో ఉన్న హజారీబాగ్ జైల్లో కోలుకున్న తర్వాత కూడా దశాబ్దాల పాటు ఉండిపోయిన ఖైదీల కథ 1982లో వీణా సేథీ కేసుతో బయటపడింది. ఏ నేరమూ చేయని మానసిక రోగులను జైళ్ళలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో షీలా బర్సే కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నేరమే చేయనివాళ్ళు కూడా జైళ్ళలో ఉన్నారు కాబట్టే ఆ మాట చెప్పాల్సి వచ్చింది. మానసిక జబ్బు జైలు తలుపు తెరిచే తాళంచెవి అని నమ్మేవారు ఈ తీర్పులను ఒక్కసారి చదవాలి.

అవన్నీ పాతకాలపు సంగతులని కొట్టిపారేయొద్దు. ఇవాళ ఒక మామూలు కేసు ఎలా నడుస్తుందో అడుగడుగునా చూద్దాం. పేరు అక్కర్లేదు, ఇలాంటి మనిషి ఏ జిల్లాలోనైనా ఉండవచ్చు. పల్నాడులోని ఒక పల్లె నుంచి, మందులు ఆపేసిన ముప్ఫై అయిదేళ్ళ మనిషి రైలెక్కి హైదరాబాద్ చేరాడనుకోండి. రాత్రిపూట తలుపు తీసి ఉన్న ఒక ఇంట్లోకి వెళ్ళి పడుకున్నాడు. జనం కొట్టి పోలీసులకు అప్పగించారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నూరో సెక్షన్ ప్రకారం, దిక్కులేక తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. అలా తీసుకున్న మనిషిని లాకప్‌లో గానీ జైల్లో గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచకూడదు. కానీ స్టేషన్‌లో ఇతను రోగిగా కనబడలేదు, దొంగగా కనబడ్డాడు. చొరబాటు, దొంగతనం సెక్షన్లు పడ్డాయి. మేజిస్ట్రేట్ ముందు నోరు విప్పలేదు. రిమాండ్.

జైలు గేటు దగ్గర పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టుమచ్చలు రాసుకుంటారు. ఇతను పేరు ఒకటి చెప్పి, కాసేపటికి ఇంకొకటి చెబుతాడు. లోపలికొచ్చే ప్రతి ఖైదీ మానసిక స్థితినీ పరీక్షించాలని 2018 నిబంధనల్లో రాసుంది. రాసినంత మాత్రాన పరీక్షించే మనిషి పుట్టుకురాడు. రాత్రి బ్యారక్‌లో అరుస్తాడు. నిద్రపోనివ్వడం లేదని పక్కవాళ్ళు కొడతారు. మర్నాడు జైలు డాక్టరు సూది వేయిస్తాడు, మాత్రలు రాస్తాడు. మాత్ర మింగి నోరు తెరిచి చూపించమంటాడు వార్డర్. కొద్దిరోజులకు అరుపులు ఆగుతాయి. ఇక అతని గురించి ఎవరూ ఆలోచించరు. స్పెషలిస్టుకు చూపించాలంటే ఎస్కార్ట్ పోలీసులు కావాలి, ఆ రోజు బందోబస్తు ఉంటే ఎస్కార్ట్ దొరకదు. చంచల్‌గూడ జైలు నుంచి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఎంత దూరం? విశాఖలో అడవివరం జైలు నుంచి చినవాల్తేరు ఆసుపత్రి ఎంత దూరం? ఒకే ఊరిలో ఉన్న ఆసుపత్రి కూడా ఆ నాడు అందదు.

లీగల్ ఎయిడ్ లాయర్ మంచివాడై బెయిల్ ఇప్పించాడనుకుందాం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, కోర్టు బెయిల్ ఇచ్చినా పూచీకత్తు ఇచ్చేవాడు లేడు. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలని, వాళ్ళు మనిషిని పంపి కారణం కనుక్కోవాలని, అతని ఆర్థిక, సామాజిక స్థితి మీద ప్రొబేషన్ అధికారి చేత నివేదిక రాయించవచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. పేద విచారణ ఖైదీలకు పూచీకత్తు కింద డబ్బిచ్చే కేంద్ర పథకం అదే ఏడాది వచ్చింది. డబ్బు కూడా ఉందన్నమాట. కానీ ఊరు పేరే తెలియని మనిషి సామాజిక స్థితి మీద ఎవరు, ఏ ఊరికి వెళ్ళి నివేదిక రాస్తారు?

విచారణ ఎదుర్కొనే స్థితిలో లేడని కోర్టు గుర్తించినా అడ్డంకి ఇదే. నాగరిక్ సురక్షా సంహిత 369వ సెక్షన్ చాలా మంచిది. ఆసుపత్రిలో ఉండాల్సిన అవసరం లేకపోతే, కేసు బెయిలబుల్ కాకపోయినా విడుదల చేయవచ్చు. షరతు ఒకటే: దగ్గరలోని ఆసుపత్రిలో క్రమం తప్పకుండా వైద్యం చేయిస్తానని, తనకూ ఇతరులకూ హాని జరక్కుండా చూసుకుంటానని ఒక బంధువో స్నేహితుడో మాట ఇవ్వాలి. చట్టం మొత్తం వచ్చి ఆ ఒక్క మనిషి దగ్గర ఆగింది. ఆ మనిషిని వెతికిపెట్టే బాధ్యత జైలర్‌ది కాదు, లాయర్‌ది కాదు, డాక్టర్‌ది కాదు, జడ్జిది కాదు. ఎవరిదీ కాని ఆ పని పేరే సోషల్ వర్క్.

అది ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. మందు పనిచేయడం మొదలయ్యాక సోషల్ వర్కర్ ఆ పల్నాడు మనిషి పక్కన కూర్చుంటుంది. కేసు గురించి అడగదు. ఊళ్ళో ఏం పండుతుంది, బస్సు ఎక్కడ ఆగుతుంది, తిరునాళ్ళు ఎప్పుడు అని అడుగుతుంది. పెద్ద చెరువు, పక్కన రైస్ మిల్లు, దాటితే రైలు గేటు అంటాడతను. ఇంకో రోజు మండలం పేరు నోట్లోంచి వస్తుంది. ఆ మండలంలోని పోలీస్ స్టేషన్‌కు, గ్రామ సచివాలయానికి, ఆశా కార్యకర్తకు ఫోన్లు. నాలుగో ఫోన్‌కో అయిదో ఫోన్‌కో అన్నయ్య దొరుకుతాడు. "మా వల్ల కాదండీ మేడం. పదేళ్ళు చూశాం. పొలం అమ్మాం. మా ఆవిడ వీడంటేనే వణికిపోతది." ఆ అన్నయ్య కఠినుడు కాదు, అలసిపోయినవాడు. "మీరిప్పుడే ఔననక్కర్లేదండీ. వచ్చి ఒక్కసారి ముఖం చూసి వెళ్ళండి, చాలు" అంటుందావిడ. ములాఖత్ ఏర్పాటు చేస్తుంది. రోజూ మాత్రలు మింగించడం ఇంటివాళ్ళకు తలనొప్పి అవుతుందని డాక్టరుతో మాట్లాడి నెలకోసారి వేసే ఇంజక్షన్‌కు మార్పిస్తుంది. ఆ ఇంజక్షన్ వాళ్ళ జిల్లా ఆసుపత్రిలో దొరుకుతుందో లేదో ముందే కనుక్కుంటుంది. వైకల్య ధ్రువీకరణ ఇచ్చే సదరం క్యాంపు ఎప్పుడో చెబుతుంది, పింఛనుకు ఏ కాగితాలు కావాలో రాసిస్తుంది. వదిన భయాన్ని భయంగానే తీసుకుని, జబ్బు తిరగబెడితే మొదట కనిపించే గుర్తులేమిటో, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఆమెకే నేర్పుతుంది. ఇదంతా నివేదికగా రాసి కోర్టుకు ఇస్తుంది. విడుదల రోజున చేతిలో నెలకు సరిపడా మందులు, ఆసుపత్రి తేదీ రాసిన చీటీ ఉండేలా చూస్తుంది.

జైలుకొచ్చి పళ్ళు పంచి ఫొటోలు దిగే దాతృత్వానికీ దీనికీ పోలిక లేదు. ఇది చదువు, శిక్షణ కావలసిన వృత్తి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసి, ఆపైన రెండేళ్ళ ఎంఫిల్ చేసినవారని 2017 చట్టమే నిర్వచించింది.

ఇప్పుడు రెండో అభ్యంతరం: వీళ్ళు ప్రమాదకరం, లోపలే ఉంచాలి. జబ్బు ముదిరి, మందు లేని స్థితిలో కొందరు హింసకు దిగుతారన్నది నిజం. దాన్ని దాచి వాదించడం నాకిష్టం లేదు. అయితే మానసిక రోగులు హింస చేయడం కంటే హింసకు గురవడమే ఎక్కువ. 2005లో షికాగోలో వచ్చిన అధ్యయనం ప్రకారం, తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారు హింసాత్మక నేరాలకు బలయ్యే అవకాశం మామూలు జనంతో పోలిస్తే పదకొండు రెట్లు ఎక్కువ. ఇంకో సంగతి. వీళ్ళలో అత్యధికులు ఏదో ఒక రోజు బయటికొస్తారు. శిక్షాకాలం ముగిసో, సాక్షులు రాకో, పూచీ దొరికో వస్తారు. కాబట్టి మన ముందున్న అసలు ప్రశ్న ఎలా బయటికొస్తారన్నదే. మందుల చీటీ లేకుండా, ఇంటి అడ్రసు లేకుండా, సాయంత్రం ఆరింటికి గేటు బయట వదిలేస్తే, పది రోజుల్లో మళ్ళీ గొంతులు వినిపించడం మొదలవుతుంది. అప్పుడు జరిగే అఘాయిత్యంలో మనమందరం భాగస్తులం. భద్రత కోరేవారు గోడ ఎత్తు గురించి అడుగుతున్నారు. అడగాల్సింది విడుదల రోజున అతని పక్కన ఎవరున్నారని.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. మరి బాధితుల సంగతేమిటి? నేరం వల్ల నష్టపోయిన కుటుంబం ముందు నిలబడి ఖైదీ హక్కుల గురించి మాట్లాడటం తేలిక కాదని నాకు తెలుసు. అయినా ఆలోచించండి. నిందితుడు విచారణకు తగిన స్థితిలో లేకపోతే విచారణే వాయిదా పడుతుంది. అతనికి వైద్యం అందకపోతే ఆ వాయిదాకు అంతు ఉండదు. నేరం చేశాడా లేదా అన్నది తేలక బాధితులు కూడా ఏళ్ళ తరబడి కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉంటారు. లాలుంగ్ కేసులో గాయపడిన మనిషికి మాత్రం ఏ న్యాయం జరిగింది? 54 ఏళ్ళలో ఒక్క సాక్షినీ విచారించలేదు. పైగా ఇలాంటి కేసుల్లో బాధితులు చాలాసార్లు ఇంటివాళ్ళే: తల్లి, భార్య, అన్నదమ్ములు. అంతకుముందు ఏళ్ళ తరబడి వైద్యం కోసం తిరిగింది వాళ్ళే. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. నేరానికి ముందు ఆ తల్లి తలుపు తట్టని సోషల్ వర్కర్, నేరం తర్వాత కూడా తట్టకూడదనడం బాధితుల పక్షాన మాట్లాడటం ఎలా అవుతుంది?

డాక్టరు, మందులు ఉంటే చాలదా అనేవారు వైద్యుల్లోనూ ఉన్నారు. మందు గొంతులను ఆపుతుంది. పూచీకత్తు ఇవ్వదు. అన్నయ్యను ఒప్పించదు. రేషన్ కార్డులో తీసేసిన పేరును మళ్ళీ ఎక్కించదు. కోలుకున్నాడని ఆసుపత్రి 1967లో రాసిన కాగితం లాలుంగ్‌కు 38 ఏళ్ళు ఏ ఉపయోగమూ లేకుండా పడి ఉంది. వైద్యం విఫలం కాలేదక్కడ. వైద్యానికీ కోర్టుకూ ఇంటికీ మధ్య నడిచే మనిషి లేడు.

ఇక లెక్కలు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదిక ప్రకారం మన జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలు. మొత్తం ఖైదీల్లో మానసిక రోగులు నూటికి ఇద్దరు కూడా లేరని అదే నివేదిక అంటుంది. బయట సమాజంలోని పెద్దవాళ్ళలోనే నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని జాతీయ సర్వే తేల్చింది. బెంగళూరు సెంట్రల్ జైల్లో ఐదు వేల మందికి పైగా ఖైదీలను నిమ్హాన్స్ బృందం పరీక్షిస్తే, మత్తు అలవాట్లను పక్కన పెట్టినా నూటికి 27 మందికి పైగా గుర్తించదగిన జబ్బు ఉంది. జైలు లెక్కలో ఇద్దరు కూడా లేనిచోట పరీక్షలో 27 మంది తేలారంటే, లేని జబ్బు నటించేవారి బెడద కాదిది. ఉన్న జబ్బును చూసేవారే లేని కరవు. 2022లో జైళ్ళలో 119 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళంతా తప్పించుకునే దారి వెతుక్కున్నవారని ఎవరైనా అనగలరా?

అయిదు వందల మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టో కౌన్సెలరో ఉండాలన్నది 2016 ఆదర్శ జైలు నియమావళి. దేశంలోని జైళ్ళన్నిటిలో కలిపి సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు పాతిక మందేనని 2025 ఇండియా జస్టిస్ రిపోర్ట్ లెక్కగట్టింది. రమారమి ఇరవై మూడు వేల మందికి ఒక్కరు. ఇంత కరవులో ఉండి, మానసిక రోగుల మీద ఎక్కువ శ్రద్ధ పెడుతున్నామని మనం భయపడుతున్నాం.

ఇది అయ్యే పని కాదనేవారికి అయిన చోట్లు చూపిస్తాను. ముంబయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వారి 'ప్రయాస్' 1990 నుంచి జైళ్ళలో, కోర్టుల్లో, పోలీస్ స్టేషన్లలో శిక్షణ పొందిన సోషల్ వర్కర్లతో పనిచేస్తోంది. కోల్‌కతాలో 'ఈశ్వర్ సంకల్ప' చెట్లా పోలీస్ స్టేషన్ ఆవరణలోనే, వీధుల్లో తిరిగే మానసిక రోగులైన మహిళలకు ఆశ్రయం నడిపింది. పోలీసులు పట్టుకున్న మనిషి లాకప్‌కు బదులు పక్క భవనంలో మంచం మీదికి చేరే ఏర్పాటు అది. మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వాట్వానీ దంపతుల 'శ్రద్ధ' సంస్థ, రోడ్ల మీద దొరికిన వేల మందికి వైద్యం చేసి, సోషల్ వర్కర్లను తోడిచ్చి దేశం నలుమూలలా ఉన్న వాళ్ళ ఇళ్ళకు చేర్చింది. 2018లో వాట్వానీకి మెగసెసే అవార్డు వచ్చింది అందుకే. ఊరు తెలియని మనిషికి ఊరు వెతికిపెట్టడం సాధ్యమేనని ఇన్నేళ్ళుగా రుజువవుతోంది. స్వచ్ఛంద సంస్థ చేయగలిగింది ప్రభుత్వం చేయలేదా?

చేయాల్సినవాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని, జైల్లో మానసిక రోగులైన ఖైదీలు లేరని ధ్రువీకరిస్తూ జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు నివేదిక పంపాలని 2017 చట్టం 103వ సెక్షన్ చెబుతోంది. ఆ నివేదికల్లో ఏముందో, వ్యక్తుల పేర్లు లేకుండా, జనానికి తెలియాలి. ప్రతి సెంట్రల్ జైలుకూ, ప్రతి జిల్లా జైలుకూ ఒక సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ను పర్మినెంట్ పోస్టులో నియమించాలి. గౌరవ వేతనం మీద, ఆరు నెలల కాంట్రాక్టు మీద జరిగే పని కాదిది. ఊళ్ళకు వెళ్ళడానికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. విచారణకు తగిన స్థితి గురించి సందేహం వచ్చిన ప్రతి కేసులో డాక్టరు సర్టిఫికెట్‌తో పాటు సామాజిక నివేదిక కూడా కోర్టు ముందుండాలి. ఉరిశిక్షకు అవకాశం ఉన్న కేసుల్లో నిందితుడి మానసిక స్థితి, జీవిత నేపథ్యం ట్రయల్ కోర్టు దశలోనే తెప్పించుకోవాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉరికి పనికొచ్చే పద్ధతి రిమాండ్‌కు ఎందుకు పనికిరాదు? బంధువులు లేనివారికీ, ఇంట్లోవాళ్ళు నిజంగానే చూసుకోలేనివారికీ హాఫ్‌వే హోమ్‌లు పెట్టే బాధ్యత 2017 చట్టం 19వ సెక్షన్ ప్రభుత్వాల మీదే పెట్టింది. అలాంటి హోమ్ ఇచ్చే హామీని నాగరిక్ సురక్షా సంహిత 369వ సెక్షన్ కింద పూచీగా కోర్టులు అంగీకరించాలి.

చదువుతున్నవారు చేయగలిగింది కూడా ఉంది. మీ జిల్లా జైల్లో మానసిక వైద్యం పొందుతున్నవారు ఎందరు, బెయిల్ వచ్చి కూడా లోపలే ఉన్నవారు ఎందరు, సోషల్ వర్కర్ పోస్టు మంజూరైందా, అందులో మనిషి ఉన్నారా అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఎవరి పేరూ అడగనక్కర్లేదు, అంకెలు చాలు. వచ్చిన జవాబు మీ ఎమ్మెల్యే ముందు పెట్టండి.

ఈసారి ఎవరైనా "పిచ్చివాడినని చెప్పి తప్పించుకుంటాడు" అంటే, అలా తప్పించుకున్నవాళ్ళను చూపించమని అడగండి. నేను లాలుంగ్‌ను చూపిస్తాను, రుదుల్ సాను చూపిస్తాను, హజారీబాగ్ ఖైదీలను చూపిస్తాను. ఇన్నేళ్ళుగా తప్పించుకున్నది ఒక్కరే: ఈ మనుషుల బాధ్యత తీసుకోవాల్సిన రాజ్యం. దాన్ని పట్టుకొచ్చి జవాబు చెప్పించడం మన పని.